హ్లుహాక్ చెరువు కాపరి ముక్కు

సెప్టెంబరు 2

హ్లుహాక్ చెరువు గట్టున నివసించు సమస్త ప్రజలకు, అనగా నా భార్య ద్రాహకు, ఆమె బాతులకు, ఇంకా పేరు పెట్టని మా కుక్కకు తెలియజేయడమేమనగా: నేటి నుండి నీలం కప్పులో కాఫీ తాగు హక్కు చెరువు కాపరి వెండెలీన్‌కు మాత్రమే కలదు. మరియు ఇతరుల రబ్బరు బూట్లలో పచ్చి గుడ్డు పెట్టు విద్య కాపరిగారి సొంత ఆస్తి; దానిని ఆయన మీదనే ప్రయోగించుట రాజద్రోహము. మరియు ఈ డైరీని దొంగతనంగా చదివినవారి చెవులు చేప మొప్పలవలె ఎర్రబడి రాలిపోవును. ఇట్లు, చెక్ దేశపు దక్షిణ బోహీమియాకు ఆఖరి చక్రవర్తి, నెల జీతం మీద.

నవ్వుకుందామని రాశాను. నవ్వు రాలేదు.

సెప్టెంబరు 3

తూము పై పలక తీశాం. ఇక ప్రతి శరత్కాలంలోలాగే కొద్దికొద్దిగా పలకలు తీస్తూ పోవాలి. నీళ్ళు దిగేకొద్దీ బంగారుతీగ చేపలన్నీ తూము ముందున్న లోతు గుంటలోకి చేరతాయి. అప్పుడు వల దించుతారు, ఊళ్ళన్నీ గట్టు మీదికి తిరునాళ్ళకు వచ్చినట్టు వస్తాయి.

పలక లాగడానికి జ్బినెక్ వచ్చాడు. ద్రాహ తమ్ముడు. ఏ పని చేసినా ఈల వేస్తాడు, ఏ పాటా పూర్తిగా రాదు. వల వేసే ముందురోజు తూము గదిలోకి దిగి జాలీకి పట్టిన చెత్త తీసేది వాడే. గట్టు పొట్టలో ఇటుకలతో కట్టిన బావిలాంటి గది అది, పైన ఇనుప మూత. మూత తెరవగానే కాపరి వంగి వాసన చూస్తాడు. కాపరి "దిగు" అన్నాకే తూము మనిషి నిచ్చెన మీద కాలు పెడతాడు. మా మామగారు కాపరిగా ఉన్నప్పుడూ ఇంతే, ఆయనకు ముందున్నవాడప్పుడూ ఇంతే.

ముక్కు బాగానే ఉందా బావా, జలుబేం లేదు కదా అని అడిగాడు. ఊరికే అడిగాడు.

బ్రహ్మాండం అన్నాను.

సెప్టెంబరు 4

ఫిబ్రవరి జ్వరం తర్వాత నాకు వాసన తెలియడం లేదు. ఇదిగో, రాసేశాను. వచ్చేస్తుంది.

సెప్టెంబరు 5

చేపల సంస్థ ఆఫీసు నుంచి పొద్దున్నే ఫోన్ వస్తుంది. నీళ్ళ రంగు, వాసన, చేపల తీరు చెప్పాలి. రంగు చూసి చెప్తాను. చేపల తీరు చూసి చెప్తాను. వాసన మాత్రం నిరుడు చెప్పినవే తిప్పి తిప్పి చెప్తున్నాను: బురద వాసన, నాచు వాసన, వాన పడితే తడి గడ్డి. ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదు. ద్రాహ వంట సంగతీ అంతే. ముందు ఆమె మొహం చూస్తాను, తర్వాత బాగుందంటాను.

ముక్కు లేని కాపరిని ఎవరు పెట్టుకుంటారు? ఈ ఇల్లు కొలువుతో వచ్చింది, కొలువుతో పోతుంది. ద్రాహ ఈ ఇంట్లోనే పుట్టింది.

సెప్టెంబరు 7

ఇంజనీరమ్మ కుబెషోవా వచ్చింది, ప్రయోగశాల మనిషి. నిరుడు ఆమె సీసాలో చెరువు నీళ్ళకు బదులు బీరు నింపి పంపాను. నివేదికలో ఏమీ దాచకుండా రాసింది: ఈ చెరువు తాగి ఉంది, తాళాలు లాక్కుని పడుకోబెట్టండి అని. అప్పటి నుంచి ఆవిడంటే నాకు గౌరవం.

ఈసారి నవ్వలేదు. తూము పక్కన నీటిమట్టం కొలిచే తెల్ల పలక ఎప్పుడు నల్లబడిందని అడిగింది. ఆగస్టులో అన్నాను. ఎవరో కొంటెవెధవ తారు పూశాడనుకున్నాను, ఆ ఉపాయం నాకెందుకు తట్టలేదా అని రెండు రోజులు కుళ్ళుకున్నాను కూడా. అది తారు కాదట. పాత తెల్లరంగులో సీసం ఉంటుంది, నీళ్ళలోంచి వచ్చే ఒక గాలి తగిలితే అది నల్లబడుతుందట.

పొడుగాటి గొట్టంతో గుంట అడుగు నుంచి నీళ్ళు తీసి, బుడగ కూడా మిగలకుండా సీసా నింపింది. తర్వాత వరసగా పెట్టిన చిన్న సీసాల్లోకి ఆ నీళ్ళు ఒక చుక్క, ఆ సీసాలోంచి పక్క సీసాలోకి ఒక చుక్క, అలా చివరిదాకా. గట్టు అంచు పైనీళ్ళతో ఇలాంటిదే ఇంకో వరస. ప్రతి దాంట్లో ఒక ఇనుప మేకు. మన గాలి సోకకుండా మూత బిగించి వెచ్చగా పెడుతుంది. ఆ జీవులు ఉంటే సీసా నల్లబడుతుంది. వరసలో ఎన్ని సీసాలు నల్లబడితే అంత మంద ఉన్నట్టు.

వాసన ఎలా ఉందని అడిగింది. మామూలే అన్నాను. తల ఎత్తి ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. గుంట నీళ్ళు ఆమె చేతి తొడుగు మీద కారుతున్నాయి.

సెప్టెంబరు 8

అంటే వాసన ఉందన్నమాట, ఆ చూపుకి అర్థం.

సెప్టెంబరు 12

గట్టు అంచు నీళ్ళ సీసాలు మొదటి రెండూ తప్ప తెల్లగానే ఉన్నాయి. గుంట నీళ్ళవి వరస చివరిదాకా నల్లబడ్డాయి. ఇంజనీరమ్మ ఒక సీసా తెచ్చి చూపించింది. మేకు కనబడలేదు, తారులో ముంచినట్టుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే కామాల్లా వంకరగా ఉండి గిలగిలా కదులుతాయట. బడిలో నేను ఎగ్గొట్టిన కామాలన్నీ వచ్చి మా చెరువులో చేరాయన్నమాట అన్నాను. ఈసారి నవ్వింది, కానీ వెంటనే ఆపేసింది.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతవరకు రాసుకుంటున్నాను. ఆ బాక్టీరియాకు మన గాలి అక్కరలేదు. మనం గాలి పీల్చుకున్నట్టు అవి నీళ్ళలో కరిగిన గంధకపు ఉప్పును వాడుకుని, కుళ్ళిన గుడ్డు వాసన గాలిని వదులుతాయి. ఈ ఎండాకాలం మండిపోయింది, ఆకు, మేత, పెంట అంతా గుంటలో కుళ్ళింది, వాటికి పండగ. నీళ్ళు దిగేటప్పుడు తూము గదిలో ఎత్తునుంచి పడి చిమ్ముతాయి, ఆ గాలి నీళ్ళను వదిలి గదిలోనే నిలిచిపోతుంది.

"కొంచెం ఉంటే గుడ్ల కంపు కొడుతుంది వెండెలీన్ గారూ. ఎక్కువైతే కళ్ళు మండి, కంపు ఉన్నట్టుండి ఆగిపోతుంది. గాలి బాగుపడి కాదు, ముక్కు చచ్చిపోయి. ఆ తర్వాత మనిషి."

ఆ విషపు గాలిని కనిపెట్టే మీటరు సంస్థకు ఒక్కటే ఉంది, దాన్ని సరిచేయడానికి బ్ర్నో నగరానికి పంపారట. అది వచ్చేదాకా గదిలోకి ఎవరూ దిగొద్దని జ్బినెక్‌తో చెప్పింది. చిత్తం ఇంజనీరమ్మా అన్నాడు వాడు. ఆవిడ కారెక్కాక నా వైపు తిరిగి, మీటరంటే నాకు మా బావ ముక్కే అన్నాడు.

ఆ నల్ల సీసాను నాకే ఇచ్చి వెళ్ళింది, పనివాళ్ళకు చూపించి భయపెట్టమని. మూత మాత్రం తీయొద్దంది.

సెప్టెంబరు 13

భయపడింది నేను.

సెప్టెంబరు 16

మిరియాలు నలిపాను. వెనిగర్ ముక్కు దగ్గర పట్టుకున్నాను. ఘాటు ముల్లంగి తురిమాను, కళ్ళలో నీళ్ళు కారాయి గానీ ముక్కుకి సంబంధం లేదు. ద్రాహ పక్కూరికి వెళ్ళినప్పుడు ఒలొమోత్స్ జున్ను ముక్క విప్పి కూర్చున్నాను. ఆ జున్ను ఇంట్లో విప్పితే కుక్క కూడా కిటికీ ఎక్కుతుంది. నాకు కొవ్వొత్తి ముక్కలా ఉంది.

సెప్టెంబరు 17

కాఫీలో ఏదో తెలిసినట్టుంది. తెలిసింది.

సెప్టెంబరు 18

వేడి తెలిసింది.

సెప్టెంబరు 24

పలకలు ఇంకా తీశాం. నల్లబురద ఒడ్డు బయటపడుతోంది. జ్బినెక్ కర్రతో గుచ్చితే బుడగలు వచ్చాయి. వాడు మొహం పక్కకు తిప్పి, అబ్బ, ఏం కంపురా నాయనా అన్నాడు. నేను కూడా ముక్కు మూసుకున్నాను. ఎంతసేపు మూసుకోవాలో తెలియక, వాడు చెయ్యి తీశాక తీశాను.

అక్టోబరు 1

తూము గది మూత మీంచి నడవాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్తున్నాను. కుక్క మాత్రం వెళ్ళి మూత అంచు వాసన చూస్తుంది. దాన్ని కసిరాను. తర్వాత పిలిచి మళ్ళీ అక్కడికే తీసుకెళ్ళాను, ఏం చేస్తుందో చూద్దామని. తోక ముడిచి కూర్చుంది. కుక్కకి తెలుస్తోంది.

లేదా నేను కసిరాననే ముడిచిందేమో.

అక్టోబరు 6

ఇంజనీరమ్మ ఫోన్ చేసింది. మీటరు రాలేదు. పధ్నాలుగో తేదీకి వస్తే అదృష్టం అంది. పదిహేనున వల. లారీలు, జనం, పులుసు కుండలు, అన్నీ ఖాయమైపోయాయి. తేదీ మార్చమని ఆవిడ ఆఫీసులో అడిగితే, కాపరి వాసన మామూలే అంటున్నాడు కదా అన్నారట.

అంటున్నాడు. రోజూ పొద్దున్నే అంటున్నాడు.

అక్టోబరు 7

ఆఫీసుకి ఫోన్ చేసి, వాసన బాగాలేదు అన్నాను. నిన్నటిదాకా బాగుంది కదా వెండా, ఏంటి, ఈసారి చెరువుకి విస్కీ పట్టించావా అని అక్కడ ఇద్దరు నవ్వారు.

అక్టోబరు 10

ద్రాహకు చెప్దామని నోరు తెరిచాను. ఆమె జ్బినెక్ చిన్నప్పుడు తూములో పడబోతే జుట్టు పట్టి లాగిన కథ చెప్తోంది, వందోసారి. ఇప్పటికీ ఆ జుట్టు నా చేతిలో ఉన్నట్టే ఉంటుంది అంది. నేను లేచి బాతులకు మేత వేయడానికి వెళ్ళాను. అప్పటికే వేసి ఉంది.

అక్టోబరు 14

అక్షరాలు ఎలా వస్తే అలా రాస్తున్నాను.

మధ్యాహ్నం జ్బినెక్ వచ్చాడు. మీటరు బ్ర్నో నుంచి వచ్చింది, కానీ పట్నంలో ఇంజనీరమ్మ దగ్గర ఉంది, ఆమె సాయంత్రానికి గానీ రాదు. గుంటలో చేపలు వీపులు తేలేసి తిరుగుతున్నాయి. జాలీకి చెత్త పట్టి నీళ్ళు దిగడం లేదు. వాడు మూత ఎత్తి పక్కన పెట్టాడు. బెల్టుకి లైటు తగిలించుకుంటూ ఈల.

నేను వంగాను.

ఆవిడ వచ్చేదాకా ఆగుదాం అన్నాను. ఎందుకూ, వాసనేమన్నా వస్తోందా అన్నాడు.

అప్పుడు వచ్చింది. ఫిబ్రవరి నుంచి రానిది ఒక్కసారి వచ్చింది. కుళ్ళిన గుడ్లు, గంపెడు, కళ్ళు మండేంత. అంతలోనే దీపం ఆర్పినట్టు ఆగిపోయింది. ఆవిడ చెప్పినట్టే. దిగొద్దురా, వచ్చి ఆగిపోయింది, దిగితే పోతావు అన్నాను.

వాడు నవ్వాడు. "బావా, వల ముందురోజు కూడానా? నిరుడేమో గదిలో బొమ్మ పుర్రె పెట్టావు. ఈసారి కంపా?"

నిజంరా అన్నాను. నిజమే అయితే నీ మొహం అలా ఎందుకుంది, నవ్వు ఆపుకుంటున్నట్టు అన్నాడు. నాకు ఏడుపొచ్చినా ఆ మొహమే వస్తుంది, ఏం చేయను. వాడు నిచ్చెన మీద ఒక కాలు పెట్టాడు. కాలరు పట్టి వెనక్కి లాగాను. ఇద్దరం బురదలో పడ్డాం. వాడికంటే ముందు లేచి మూత ఈడ్చి గది మీద వేసి దాని మీద కూర్చున్నాను. లేపడానికి చూశాడు. చంక కింద చేతులు పెట్టి ఎత్తబోయాడు, తిట్టాడు, పని చెడగొడుతున్నావన్నాడు, అక్కతో చెప్తానన్నాడు. ద్రాహ వచ్చింది. ఆమె కూడా, చాల్లే లేవయ్యా, సిగ్గులేదూ, చుట్టూ జనం చూస్తున్నారు అంది. వలవాళ్ళు పడవ ఆపి నవ్వుతున్నారు. నేను లేవలేదు. మూత చల్లగా ఉంది, తొడలు మొద్దుబారిపోయాయి.

ఇంజనీరమ్మ వచ్చేదాకా కూర్చున్నాను. మీటరుకి తాడు కట్టి గదిలోకి దించింది. నిచ్చెన రెండో మెట్టు కూడా దాటలేదు, అది కీచుమని అరవడం మొదలుపెట్టింది. పైకి లాగాక కూడా కాసేపు అరుస్తూనే ఉంది. అందరూ దాన్నే చూస్తున్నారు. ఆవిడ అంకె చదివి ఎవరికీ చెప్పలేదు.

నన్ను మాత్రం పక్కకు పిలిచి అడిగింది, ఇతను లోపల పడిపోతే మీరు వెంటనే దిగేవారు కదా అని. దిగేవాణ్ణే అన్నాను. అలాగే పోతారు, ఒకరి వెనక ఒకరు అంది.

జ్బినెక్ గడ్డి మీద కూర్చున్నాడు. ఈల వేద్దామని పెదవులు ముడిచాడు, గాలి మాత్రమే వచ్చింది.

అక్టోబరు 15

రాత్రంతా గాలి పంకా పెట్టి, పైనుంచే గొట్టంతో జాలీ కడిగారు. వల పడింది. గుంటలో కొన్ని వెల్లకిలా తేలాయి, మిగతావి బతికాయి, లారీల నీటి తొట్లలో ఎగురుతూ వెళ్ళాయి. పులుసు తాగాం, రమ్ము తాగాం. కొత్తగా మత్స్యకారుడైనవాణ్ణి వంచి పిరుదుల మీద తెడ్డుతో కొట్టే వేడుక ఉంటుంది కదా, జ్బినెక్ నన్ను ముందుకు లాగి, ఈసారి ముక్కుకి అన్నాడు. రమ్ములో వేలు ముంచి నా ముక్కుకి బొట్టు పెట్టాడు. జనం చప్పట్లు. ఎవరో నా ముక్కుతో ఫోటో దిగారు.

గొప్పగానే ఉంది. అబద్ధం ఎందుకు.

అక్టోబరు 19

వచ్చే వారం పక్క చెరువుకి వల. తూము మనిషి జ్బినెక్కే. ఇంజనీరమ్మ మీటరు పంపిస్తానంటే అక్కరలేదన్నాడట. అది అరిచేసరికి ఆలస్యం, మా బావను వెంట తెచ్చుకుంటా, ఆయన ముక్కు అంతకు ముందే చెప్తుంది అన్నాడట. అక్కడి కాపరీ, వలవాళ్ళూ సరేనన్నారట. ద్రాహ ఇదంతా గర్వంగా చెప్పింది.

అక్టోబరు 20

వాడి దగ్గరికి వెళ్ళి చెప్పాను. నాకు వాసన తెలియదురా, ఫిబ్రవరి నుంచి తెలియదు, నన్ను నమ్మి దిగకు అని. వాడు భుజం మీద చెయ్యి వేసి పడీపడీ నవ్వాడు. "నా ప్రాణం కాపాడినా నీ పోకిరి బుద్ధి పోదు కదా బావా."

మళ్ళీ చెప్పాను. మళ్ళీ నవ్వాడు. ప్రమాణం చేశాను. ఇంకా నవ్వాడు, వాడి భార్యను పిలిచి చూడమన్నాడు.

ఇన్నేళ్ళు నేను చేసిన కొంటెపనులకు ఇది కూలి.

అక్టోబరు 22

ఆదివారం భోజనానికి వాణ్ణి పిలిచాను. ద్రాహ బాతు వేపుడు, క్యాబేజీ, ఉడికించిన పిండిముద్దలు క్నెడ్లీకీ చేసింది. అందరూ కూర్చున్నాక నల్ల సీసా తెచ్చి బల్ల మధ్యన పెట్టి, మూత తీశాను.

మూత తీయగానే కుక్క లేచింది. తర్వాత జ్బినెక్, నోరు మూసుకుని, కుర్చీ తన్నుకుంటూ. ద్రాహ ఏప్రాన్ అంచుతో ముక్కు మూసుకుని వాకిట్లోకి పరిగెత్తింది. ఇద్దరూ అక్కడ నిలబడి దగ్గుతున్నారు. నేను ఒక క్నెడ్లీకీ ముద్ద కోసుకున్నాను. సీసాను దగ్గరికి జరుపుకుని, దాని మీద వంగి తిన్నాను. నమిలాను, మింగాను. ముక్కు ఏమీ చెప్పలేదు. పత్తి నములుతున్నట్టుంది.

కిటికీలోంచి వాళ్ళ మొహాలు కనబడుతున్నాయి. జ్బినెక్ నవ్వడం లేదు.

మూత పెట్టి, కిటికీలు తెరిచి, నేనూ బయటికి వెళ్ళాను. ముందు ద్రాహ అంది: "అంటే ఫిబ్రవరి నుంచి నా వంట బాగుందని నువ్వన్నదంతా..." వంట నిజంగానే బాగుంటుంది, నీ మొహంలో తెలుస్తుంది అన్నాను. అది ఆమెకు సరిపోలేదు.

జ్బినెక్ అక్కడే నిలబడి ఇంజనీరమ్మకు ఫోన్ చేసి, మీటరు పంపమన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాక అడిగాడు.

"మరి ఆ రోజు నీకు ఏం వాసన వచ్చింది బావా?"

నేను బాతుల వైపు చూశాను. వాడు గేటు తీసుకుని వెళ్ళిపోయాడు.

అక్టోబరు 23

ఆఫీసుకి ఫోన్ చేసి ముక్కు సంగతి చెప్పాను. ఇంటి సంగతి వాళ్ళు ఆలోచించి చెప్తారట.

పధ్నాలుగో తేదీన "అప్పుడు వచ్చింది" అని పైన రాశాను. రాలేదు. గుడ్లు రాలేదు, కళ్ళు మండలేదు, దీపంలా ఆగిపోలేదు. అవన్నీ ఇంజనీరమ్మ మాటలు, వాడు నమ్మడానికి పనికొచ్చాయి. ఇక్కడ కూడా ఎందుకు రాశానంటే, రాసుకోకపోతే మర్నాడు పొద్దునకి తడబడి నిజం చెప్పేస్తానేమోనని. మూత తీసినప్పుడు చల్లటి గాలి మొహానికి తగిలింది, కింద నీళ్ళ చప్పుడు వినిపించింది, వాడు ఈల వేస్తున్నాడు. అంతే. గది మా వంటిల్లంత శుభ్రంగా ఉన్నా నేను అదే చెప్పేవాణ్ణి.